ఇంజను పక్కనుంచి

సిద్దిపేట, 1946

అవ్వా, నీ కొడుకు భూపతి దండం పెట్టి రాసేది. నా దగ్గు తగ్గింది, రంధి పెట్టుకోకు.

సినిమా డేరా బయట కరెంటు ఇంజను నడపడమే నా పని. రాకుమారుడు గాజులవాడి వేషంలో కోటలోకి దూరి రాకుమారిని ఎత్తుకొచ్చే బొమ్మ నెల రోజులుగా ఆడుతోంది. చూసినవాళ్లే మళ్లీ బండ్లు కట్టుకొని వస్తున్నారు. లోపల ఒకటే నవ్వులు. నేను మాత్రం ఇంకా చూడలేదు. నిన్న ఇంజను ఆగిపోగానే ఉరికి లోపలికి తొంగిచూశాను. ఉత్త తెల్లగుడ్డ కనబడింది. "నువ్వు గీడుంటె బొమ్మెట్ల ఆడుతది భూపతీ?" అన్నాడు గేటు దగ్గరి ఫక్రుద్దీన్. డేరా అంతా నవ్వింది. నేనూ నవ్వి, వచ్చి మళ్లీ ఇంజను పక్కన ఒక్కడినే కూర్చున్నాను.

బర్రె ఈనిందా? నా గొంగడి పంపు. వద్దు, కోతలు కాగానే నీ కోడలిని వెంటబెట్టుకొని నువ్వే తీసుకురా. ఇద్దరూ బొమ్మ చూసివచ్చి నాకు కథ చెప్పండి.

కార్డు చదివిపెట్టే పోశయ్య మామకు దండాలు. మామా, నా ఇంటామె తలుపు వెనక నిలబడి వింటుంటుంది. ఈ చివరి మాట గట్టిగా చదువు: డేరాలో ఎందరు నవ్వినా, ఇంజను చప్పుడులో కూడా ఆమె నవ్వు నేను గుర్తుపడతాను.