బడిలో మామ్మ ఉండదు

బరంపురం, మంగళవారం రాత్రి

రేపు పది గంటలకు గేట్ బజార్ పేటలోని తల్లులందరి ముందు, మద్రాసు నుంచి వచ్చిన ఇనస్పెక్టరమ్మ ముందు నేను మాట్లాడాలి. శిశు తరగతిలో పంతులమ్మగా నా మూడు నెలల శిక్షణకు అదే చివరి పరీక్ష. యాభై నాలుగేళ్ల వయసులో ఈ పట్టా చేతికి రాకపోతే నాకూ, తల్లీతండ్రీ లేని నా మనవరాలికీ వేరే ఆధారం లేదు. ఉపన్యాసం ఆరుసార్లు చదివాను. "భయం వేసిన పిల్ల పరుగెత్తుకొచ్చే చోటు మన బడి" అన్న వాక్యం దగ్గర ఆరుసార్లూ ఆగిపోయాను.

మనవరాలు చిట్టి నా తరగతిలోనే ఉంది. పక్షపాతమని ఎవరూ అనకూడదని, బడిలో నన్ను మామ్మా అని పిలవొద్దని మొదటి రోజే గట్టిగా చెప్పాను. ఇవాళ అది గడప తట్టుకుని పడింది. మోకాలు చీరుకుపోయింది. ఏడుపు ఆపుకుని, చేతులు కట్టుకుని నా ముందు నిలబడింది.

"పంతులమ్మ గారూ, మా మామ్మ కాడికి ఎల్లొచ్చాండీ?"

పదిహేడు మంది పిల్లలు నన్నే చూస్తున్నారు.

"గంట కొట్టాక వెళ్లు," అన్నాను.

ఇంకా ఇరవై నిమిషాలుంది. అంతసేపూ గోడ దగ్గరే నిలబడింది.

ఇంటికొచ్చి కట్టు కట్టబోతే కాలు వెనక్కి తీసుకుంది.

"గంట కొట్టేసినారేటి?"

"ఎప్పుడో కొట్టేసినారు తల్లీ."

"నాకు ఇనపడలేదు."

రేపు పిల్లలను ముందు వరుసలో కూర్చోబెడతారు. చిట్టి ఎదురుగా నిలబడి ఆ తల్లులకు నేనేం చెప్పను?