పంటిగాట్ల సిపాయి

చెల్లాయికి,

ఉత్తరం తర్వాత చదువుదువుగాని, ముందు మీ ఆయన చేతిలోంచి ఆ రంగుడబ్బా లాక్కో. అటక మీద దొరికిన మన చిన్నప్పటి సిపాయి బొమ్మకి కొత్త రంగేసి అమ్మితే బాగా పలుకుతుందని బావగారు అన్నారని రాశావు. మహానుభావుడు! పాత బొమ్మలు పోగేసే నాలాంటి పిచ్చోళ్లు వెలిసిపోయిన అసలు రంగుకే డబ్బులిస్తారు. కొత్త రంగు పడిందంటే అది ఉత్త ప్లాస్టిక్ ముక్క.

న్యాయమైన ధర ఎంతని అడిగావు కదా, నువ్వు పంపిన ఫొటోలు భూతద్దం పెట్టి మరీ చూశాను. మోకాళ్లు వదులు కాలేదు, నిలబెడితే ఇంకా నిలబడుతున్నాడు. తుపాకీ చేతిలోనే ఉంది. అట్టపెట్టె లేదు కాబట్టి కొంత తగ్గుతుంది. అసలు దెబ్బంతా టోపీ మీది పంటిగాట్ల దగ్గరే. అవి చూస్తే కొనేవాడెవడైనా సగానికి సగం కోసేస్తాడు. పరాయివాళ్ల బొమ్మయితే నేనూ అంతే.

ఆ పళ్లు ఎవరివో గుర్తుందా? నేను ఆడుకోనివ్వలేదని కసిదీరా కొరికావు. అమ్మ నీకు రెండు తగిలించింది, నీ చేత కొరికించినందుకు నాకు నాలుగు.

ఆ గాట్లు కూడా బావగారు గరుకు కాగితంతో రుద్దేస్తారట కదా. వద్దంటే వద్దని చెప్పు. వాటిని చూసి ధర పెంచేవాడు ఈ లోకంలో ఒక్కడున్నాడు. ఆదివారం మీ ఇంటికి వస్తున్నాడు, కడుపునిండా భోజనం పెట్టు. బుద్ధెరిగాక మొదటిసారి బేరమాడకుండా కొంటాడు.

నీ అన్నయ్య