ఆయా అనే కొట్టాను

కార్డిఫ్, 2003

విశాఖపట్నం అమ్మకి,

నీ పేరు తెలియదు కాబట్టి ఇలా మొదలుపెడుతున్నాను.

వేల్సువాళ్ళు తమ వంశాలు వెతుక్కోవడానికి వందేళ్ళ నాటి సెన్సస్ కాగితాలను కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. ఈ పని బడిలో చెప్పింది కాదు, నా అంతట నేనే నేర్చుకున్నాను. ఇవాళ ఒక బొగ్గు వ్యాపారి ఇల్లు వచ్చింది. ఆ పెద్దమనిషి తన ఐదుగురు పిల్లలకీ మూడేసి పేర్లు రాశాడు, నువ్వు ఎత్తుకు తిరిగిన ఆర్నెల్ల పిల్లతో సహా. చివరి వరుసలో నువ్వు. పేరు: ఆయా. పుట్టిన ఊరు: విశాఖపట్నం. ఊరు అడిగిన నోటికి పేరు అడగడానికి ఏం రోగం?

పక్క సీటు రమణ తొంగిచూశాడు. "ఆయా అని కొట్టీరా. నీకేటి, సుట్టమా?"

"మన ఊరు. సుట్టం కాకపోతే మరేటి?"

"అయితే పైడమ్మని పెట్టీ. ఎవుడు సూస్తాడు?"

నీ పేరు వాళ్ళు మింగేస్తే, నేను ఇంకెవరిదో తగిలించనా? ఉన్నదే కొట్టాలని రూలు. పళ్ళు కొరుక్కుంటూ ఆయా అనే కొట్టాను.

లంచ్ మానేసి ఆ బొగ్గు వ్యాపారి ఊరి చర్చి ఖననాల రిజిస్టరంతా తిరగేశాను. ఆ పెద్దమనిషి ఉన్నాడు, పిల్లలున్నారు. నువ్వు లేవు.

ఒకే ఇంట్లో ఉండి అతను అడగలేదు. నేను అడుగుతున్నాను. నీ పేరేంటమ్మా?