ఇరవై రెండో కిటికీ

తమ్ముడు తుల్లియోకి,

పొద్దుటి ప్రార్థన ముగించుకుని రాస్తున్నాను. కొనడానికి ముందు వచ్చిన ఇద్దరిలా ఈయనా వెనక్కి పోతాడేమోనని రాశావు. కంగారు పడకు, విల్లా అమ్ముడుపోతుంది.

కొంటానన్న తూరిన్ ఇంజనీరు నిన్న వచ్చాడు. అరబ్బుల బురుజు, గోతిక్ తలుపులు, గ్రీకు స్తంభాలు ఒకే ఇంట్లో చూసి, "ఇది కట్టించేప్పుడు మీ ముత్తాతగారు దేన్నీ వద్దనలేదమ్మా!" అని నవ్వాడు. తరవాత ఇరవై రెండు కిటికీలని నువ్వు వేయించిన అమ్మకం ప్రకటన చేత పట్టుకుని గదిగదీ తిరిగి కిటికీలు లెక్కపెట్టాడు. తోటలోకి వెళ్లి మళ్లీ లెక్కపెట్టాడు.

"బయట ఇరవై రెండు, లోపల ఇరవై ఒకటి. మీ తమ్ముడికి లెక్కలు రావా, లేక అబద్ధాలు బాగా వచ్చా?" అని నిలదీశాడు.

నిజం చెబితే బేరం పోతుందేమోనని ఒక్క క్షణం వెనకాడాను. తరవాత చెప్పేశాను. మన జెనోవా వైపు గోడల మీద కిటికీ బొమ్మలు వేయించడం మామూలే కదా. నాలుగేళ్లప్పుడు నీ గదికి సముద్రం వైపు కిటికీ లేదని ఏడ్చేవాడివి. నాన్న బయటి గోడ మీద సగం తెరిచిన ఆకుపచ్చ కిటికీ వేయించి, "ఇది నీదేరా, ఎప్పుడూ తెరిచే ఉంటుంది" అన్నాడు. అప్పటినుంచీ ఎవరడిగినా కిటికీలు ఇరవై రెండనే చెబుతూ వచ్చావు.

ఇంజనీరు తలెత్తి ఆ గోడ చూశాడు. "రంగు వెలిసిపోయింది. మళ్లీ వేయిస్తాలెండి," అన్నాడు.

మంగళవారం నోటరీ దగ్గర సంతకాలు, వచ్చెయ్. అమ్మకం కాగితంలో ఇరవై ఒకటని దిద్దించాను. నువ్వు మాత్రం నీ లెక్క మార్చుకోకు.

నీ పెద్దక్క