పెడల్ గట్టిగా లేదు

మార్చి 9, ఆదివారం

చిరంజీవి అల్లుడు గారికి మీ మామ ఆశీస్సులు. ఇక్కడ మీ అత్తగారి మోకాళ్లు, నా నోరు తప్ప మిగతావన్నీ క్షేమంగానే ఉన్నాయి. మీరూ, అమ్మాయీ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను. ఫోన్ చేసి చెబుదామంటే ఫోనులో నాకు అరవడం తప్ప మాట్లాడటం రాదు. అందుకే ఈ ఉత్తరం.

మొన్న అమ్మాయి నడిపే స్కూలు వ్యానుకు తుప్పు పట్టిన బ్రేకు పైపులు మార్చాక, లోపల చేరిన గాలి తీయడానికి మిమ్మల్ని సీట్లో కూర్చోబెట్టాను. ఇస్త్రీ చొక్కాతో ఆఫీసు నుంచి నేరుగా వచ్చిన మనిషిని చూసి, ఈయనతో అయినట్టే అని లోలోపల నవ్వుకున్నాను, నిజం చెప్పొద్దూ! తొక్కమంటే తొక్కాలి. నేను చక్రం దగ్గర స్క్రూ విప్పి, గాలి పోయాక మళ్లీ బిగించేదాకా అలాగే నొక్కిపట్టాలి. వదలమన్నాకే వదలాలి. ముందే వదిలితే బయటికి పోవాల్సిన గాలి మళ్లీ లోపలికి వస్తుంది, పెడల్ మెత్తగా దిగిపోతుంది, బ్రేకు పడదు. మర్నాడు పొద్దున్నే అమ్మాయి పదకొండు మంది పిల్లల్ని ఎక్కించుకుని అదే వ్యానులో దిగుడు రోడ్డు మీద వెళ్లాలి.

నాలుగో చక్రం కూడా అయ్యాక, పెడల్ గట్టిగా ఉందా అని బండి కింద నుంచే కేకేశాను. ఉందనేస్తే మీ సొమ్మేం పోయింది? అప్పటికే గంటన్నరగా నా చేత నానా మాటలూ పడుతున్నారు. అయినా మీరు దిగి వచ్చి, చక్రం పక్కన చతికిలబడి, గట్టిగా లేదు మామయ్యా, ఇందాక రెండో చక్రం దగ్గర మీరు బిగించకముందే నా కాలు జారింది, మీరేమంటారోనని చెప్పలేదు, అన్నారు.

నేను ఇంతెత్తున ఎగిరాను. ఆ కాలు మీదేనా, అద్దెకు తెచ్చుకున్నారా అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను, అవన్నీ మీకు గుర్తుండే ఉంటాయి. మీరు మాత్రం చొక్కా చేతులు మడుచుకుని, మళ్లీ మొదటి నుంచి చేద్దాం పదండి అన్నారు. స్క్రూకు తగిలించి సీసాలోకి దింపిన గొట్టంలో ఒక్క గాలి బుడగ కూడా కనబడనంత వరకూ నాలుగు చక్రాలూ మళ్లీ చేశాం. ఈసారి నేనే సీట్లో కూర్చుని తొక్కి చూశాను. పెడల్ రాయిలా నిలబడింది.

ఆ రోజు మీకు ఒక్క మంచి మాట చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. అల్లుడు గారూ, వయసు అడ్డొస్తోంది గానీ మీకు రెండు చేతులా దండం పెట్టాలి. నా నోటికి జడిసి తప్పు దాచుకున్నవాళ్లనే చూశాను గానీ, ఎదురుగా కూర్చుని ఒప్పుకున్న మనిషిని మీ వరకూ చూడలేదు. నా కూతుర్నీ, ఆ పిల్లల్నీ కాపాడింది మీరే. మీ మేలు మరిచిపోను.

ఉంటాను,
మీ మామ

తా.క.: అమ్మాయి ఎడమ కాలు కాస్త ఈడ్చి నడుస్తుంది కదా. చిన్నప్పుడు మెట్ల మీంచి పడిందని మీకు చెప్పాం. మెట్లు కాదు. పదేళ్ల వయసులో అది నాకు ఇలాగే పెడల్ తొక్కింది. మధ్యలో కాలు జారిందట, నా తిట్లకు భయపడి చెప్పలేదు. గట్టిగా ఉందా అంటే, ఉంది నాన్నా అంది. నేను ఒక్కసారి తొక్కి చూసుకోకుండా దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని బండిని దిగుడులోకి తీశాను. గోడ తగిలేదాకా ఆగలేదు. ఆసుపత్రిలో కళ్లు తెరిచి నన్ను చూసి అది అన్న మొదటి మాట, తిట్టకు నాన్నా అని.