ఘాటు కాదు, కమురు

మంగళవారం, బ్రాడీపేట

సాయంత్రం కారప్పొడికి మిరపకాయలు వేయిస్తుంటే హాల్లోంచి అత్తయ్య కేకేశారు. "కమురొస్తోందమ్మా, చూడు!"

"మిరపకాయల ఘాటండీ" అన్నాను దగ్గుతూ.

"ఘాటైతే తుమ్మొస్తుంది. ఇది కమురు. ఏదో కమరుతోంది, ముందు పో!"

పడగ్గదిలో పాప నిద్రపోతోంది. బొంత అంచు జారి దోమల కాయిల్ మీద పడింది. లోపలి దూది రాజుకుంటోంది. పాపను ఎత్తుకుని, బొంతను బాత్రూంలోకి లాగి నీళ్లు కుమ్మరించాను.

ఇప్పుడే డిక్షనరీ చూశాను. కమరడమంటే మాడడం, ఆ వాసనే కమురు. నాకు ఇన్నాళ్లూ ముక్కు మండించేదంతా ఘాటే. అత్తయ్యే గనక లేకపోతే... వద్దు, రాయను.

పాప జుట్టుకింకా కమురు పట్టి ఉంది. తలస్నానం రేపు. ఈ రాత్రికి ఆ తల మీదే ముక్కు పెట్టుకుని పడుకుంటాను.