ఖాళీ కిరసనాయిలు డబ్బా

ఏమండీ,

మీరు పోయి నేటికి ఏడాది. డాక్టరు రోజూ పావుగంట వేగంగా నడవమన్నప్పుడు, పనిలేకుండా నడిస్తే ఆళ్లగడ్డంతా నవ్వుతుందని మీరు సిగ్గుపడ్డారు. చేతిలో కిరసనాయిలు డబ్బా ఉంటే ఎవరూ ఏమీ అనుకోరని, ఒకటి ఇమ్మన్నారు. "పావుగంటకు ఏం కొవ్వు కరుగుతాది, కూచోండి" అన్నాను. కూర్చున్నారు.

ఇప్పుడు ఆ డాక్టరే నాకూ నడవమని చెప్పాడు. రెండు నెలలుగా ఖాళీ డబ్బా పట్టుకుని బస్టాండు దాకా నడుస్తున్నాను. ఒళ్లు తగ్గలేదు గానీ, మిద్దె మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు. పావుగంట చాలునండీ.

పొద్దున ఎదురింటి మరియమ్మ తన డబ్బా తీసుకుని నా వెంటబడింది.

"కిరసనాయిలు యాడ ఇస్తాండారు అక్కా?"

"ఇంకా రాలేదంట" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం. మీరు నన్ను అడిగింది ఈపాటి అబద్ధమే కదా.